కొత్త బాస్ పేరు

“ఏమండీ, గొడుగు.”

“వానెక్కడుందే! పడితే ఆఫీసులోనే ఉంటాలే.”

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలవి. బందరు రోడ్డులో ఒక కంప్యూటర్ కంపెనీకి వాచ్‌మన్ ఆయన. ఆ మధ్యాహ్నం డ్యూటీలోనే గుండె ఆగింది. నెల తిరక్కుండా కంపెనీ పెద్దాయన కబురు పెట్టి నన్ను టీ పెట్టే పనిలోకి తీసుకున్నారు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది మా చెల్లెలి కూతురు రాస్తోంది.

పెద్దాయన గది తలుపు తెరుచుకుంటే చాలు, అందరూ లేచి నిలబడేవాళ్ళు. నన్ను మాత్రం ఆయన “టీ అయ్యిందాండీ, అమ్మగారూ?” అని అడిగేవారు. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో కంపెనీ చేతులు మారింది. బెంగుళూరు నుంచి కొత్త బాస్ దిగాడు. వస్తూనే గది తలుపు ఊడదీయించాడు. సార్ లేదు, గారు లేదు, నన్ను అందరూ పేరు పెట్టే పిలవండి అన్నాడు. రెండు వారాలు తిరిగేసరికి, సార్ అంటే వణికే పిల్లలు కూర్చున్న చోటు నుంచే పేరుతో కేకేయడం నేర్చారు.

నా వల్ల కాలేదు. కొత్త బాస్ పేరూ మా ఆయన పేరూ ఒకటే. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆ పేరు నా నోట రాలేదు. రేషన్ కార్డు రాసేవాళ్ళు అడిగితే పక్కింటావిడ చేత చెప్పించాను. అందుకని బాస్ బల్ల మీద కప్పు పెట్టి, తలెత్తి చూసేదాకా అలాగే నిలబడేదాన్ని.

ఆఫీసు వ్యవహారాలు చూసే ఆవిడ ఒకరోజు పక్కకి పిలిచింది.

“ఏంటమ్మా, ఇంకా పాతాయన మీద భక్తా? పిలుపు మార్చుకోనివాళ్ళని ఒక్కొక్కళ్ళనే పంపించేస్తున్నారు. తర్వాత నన్ననొద్దు.”

“భక్తి కాదండీ. అది మా ఇంటాయన పేరు.”

“అయితే ఏమైంది? ఆయన లేడుగా!”

పక్క సీటు అమ్మాయి కిసుక్కున నవ్వింది. “పిన్నిగారూ, మొగుణ్ణి పిలిచినట్టుంటుందాండీ?”

ఆ సాయంత్రం గిన్నెలు తోముకుంటూ ఆ పేరు అని చూశాను. సగంలోనే నాలుక మడతపడింది. ఈ పని పోతే ఇంకో చోట నన్నెవరు పెట్టుకుంటారు? మర్నాడు కప్పు పెట్టి, కళ్ళు మూసుకుని అనేశాను.

“థాంక్సండీ,” అన్నాడు కంప్యూటర్లోంచి తలెత్తకుండా.

పని నిలిచింది. రోజుకి నాలుగు టీలు, నాలుగు పిలుపులు. ఇంటికెళ్ళాక ఫోటో ముందు దీపం పెట్టడానికి చెయ్యి రాక వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగేదాన్ని. ఆయన వింటే కోప్పడేవారో, నవ్వేవారో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒసే అమ్మాయ్, ఆ పేరు ఎక్కడా పెట్టలేదుగా? ఏదీ, మొదట్నుంచీ చదువు, వింటాను.