డైరెక్టరు గారి నడక బరువు

అమీర్‌పేటలోని మా కోచింగ్ సెంటర్‌లో రికార్డయ్యే పాఠాలను జిల్లాల్లోని బ్రాంచీలన్నిటికీ పంపడం నా ఉద్యోగం. రేపు పరీక్ష కాబట్టి చివరి రివిజన్ క్లాసు ఈ ఉదయమే చేరాలి. మా డైరెక్టరు గారు దానికి ముందు తన ఆశీర్వచనం వీడియో పెట్టించారు. డ్రోన్ షాట్లు, స్లో మోషన్‌లో నడక. ఫైలు సైజులో పాఠం కంటే ఆ నడకే బరువైంది. బ్రాంచీలన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెట్టగానే మా సర్వర్ చతికిలబడింది.

ఆసిఫాబాద్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "మేడం, పిల్లలు పొద్దుగాల్నుంచి ఖాళీ తెర చూస్తున్నరు. ఒక పిల్లయితే ఏడుస్తున్నది. జర జల్ది చెయ్యండి."

ఆశీర్వచనం తీసేసి పాఠం ఒక్కటే పంపుదామని డైరెక్టరు గారిని అడిగాను.

"ఏంటమ్మా, నా మొహం చూడకపోతే వాళ్ళకి కాన్ఫిడెన్స్ ఎలా వస్తుంది?" అని బేగంపేటలో ఏదో సన్మానానికి వెళ్ళిపోయారు.

కారు కదలగానే ఆయన్ని కత్తిరించేశాను. పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక బ్రాంచికి చేరిన ముక్కను అది పక్క బ్రాంచికి అందించేలా పెట్టాను. భోజనాల లోపే అందరికీ చేరిపోయింది.

సాయంత్రం ఆసిఫాబాద్ ఇన్‌చార్జి మళ్ళీ చేశాడు. "క్లాసు మంచిగొచ్చింది మేడం. సార్ స్పీచ్ సుత ఉంటదన్నరు, అది రాలే."

"పంపమంటారా?"

"అయ్యో వద్దు మేడం, పిల్లలు చదువుకుంటున్నరు."

రేపు తెలిస్తే నన్ను తీసేస్తారేమో. పనికి అడ్డంగా నిలబడి, పని తన వల్లే జరుగుతోందని నమ్మే మనిషి మీ ఆఫీసులో ఏ హోదాలో ఉన్నారు? కామెంట్లలో హోదా చాలు, పేరు వద్దు.