దొరగారికి తగిన విశేషణం

పూలదండ వేసిన చేతులతోనే, ఊరందరి ఎదుటా, నడుం వంచి మరీ ఒక ఇంగ్లీషు దొరను నేను క్రూరమృగమని ప్రకటించాను. జనం చప్పట్లు కొట్టారు. నన్ను జైల్లో వేయించకపోవడం ఆ దొర చేసిన పొరపాటు.

అప్పుడే మద్రాసు కాలేజీలో ఎఫ్.ఏ. చదువు ముగించి మా ఊరు వేంపల్లెకు వచ్చాను. ఊళ్ళో ఇంగ్లీషు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో నా ఇంగ్లీషులో తప్పులుండేవి కావు.

ఆ వేసవిలో కొత్త సబ్ కలెక్టరు దొర మా ఊళ్ళో మకాం చేస్తాడని కబురొచ్చింది. మాకు కావలసింది ఒక బావి. ఉన్నది ఎండిపోయి, ఆడవాళ్ళు పాపాఘ్ని ఏటి ఇసుకలో చెలమలు తవ్వి చిప్పలతో నీళ్ళు తోడుకుంటున్నారు. దొరను బాగా పొగిడి, ఆ ఊపులోనే బావి అడగాలని పెద్దలు తీర్మానించారు. పొగిడే భారం నాది.

మా సీమ మర్యాద ఒకటి మీకు చెప్పాలి. అధికారిని మంచివాడంటే చేతకానివాడని అర్థం. మెచ్చుకోవాలంటే, ఆయన పేరు చెబితే పసిపిల్లలు ఏడుపు మానతారనాలి. కాబట్టి దొర కాఠిన్యానికి సరిపడే విశేషణం కోసం నిఘంటువు తెరిచాను. బట్టల కొట్టు సుబ్బయ్య శెట్టి, జట్కాల మస్తాన్ సాయిబు మా అరుగు మీద చేరారు.

“స్ట్రిక్ట్ అందాం. అంటే గట్టివాడని,” అన్నాను.

“బడి అయివారు గూడా గట్టోడే కదప్పా,” అన్నాడు శెట్టి. “ఇద్దరికీ ఒగటే మాటా?”

“అయితే సివియర్.”

“అది యాపాటిది?” శెట్టి గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళు రాస్తూ అడిగాడు.

“కొంచెం దళసరి.”

“ఇంగా దళసరిది చూపియ్యప్పా. మనం అడిగేది బావి, బిందె కాదు.”

హార్ష్ చూపించాను. క్రూయల్ చూపించాను. మస్తాన్ సాయిబు కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపాడు. చివరికి బ్రూటల్ కంటబడింది. మృగమంత క్రూరమైన అని అర్థం. అధికారులను పులి, సింహం అని మేము ఎప్పుడూ పొగిడేదే కదా! ఇంగ్లీషువాళ్ళు అడవినంతా ఒక్క మాటలో మూటగట్టి పెట్టారు.

“బ్రూటల్!” అన్నాను.

మస్తాన్ సాయిబు కళ్ళు తెరిచాడు. “యా అల్లా! ఈ మాట ఇంటే గుర్రం నిలబడిపోతాది. ఇదే ఖాయం!”

ఆ మాట వినబడినప్పుడల్లా చప్పట్లు కొట్టాలని ఊళ్ళో దండోరా వేయించాం.

దొర కుర్రవాడు. మా ఎండకు మిరపపండులా ఉన్నాడు. పక్కనే తాసీల్దారు గారు. నేను ఇంగ్లీషులో అందుకున్నాను.

“మా బ్రూటల్ సబ్ కలెక్టరు గారికి స్వాగతం.”

చప్పట్లు.

“తమరి బ్రూటల్ పాలన గురించి వినని గడప లేదు.”

చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు.

దొర దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “నేను వచ్చిందే మొన్న. ఎవరిని ఏం చేశాను?”

వినయమనుకున్నాను. “చేయనక్కర్లేదు సార్. చూస్తేనే తెలుస్తుంది.”

“ఊరంతా ఇదే మాటా?”

నేను జనం వైపు తిరిగి, “దొరవారు బ్రూటలేనా అని అడుగుతున్నారు!” అని అరిచాను. ఇక చప్పట్లు ఆగలేదు. ఒక ముసలమ్మ దిష్టి కూడా తీసింది.

దొర ముఖంలో ఎరుపు కాస్తా దిగిపోయింది. ఈ సంగతి మద్రాసు పత్రికల్లో పడితే ఏం గతి అని తాసీల్దారు గారి చెవిలో గొణిగాడు. తర్వాత నన్ను అడిగాడు. “మీకేం కావాలి?”

“బావి సార్.”

“ఇచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకోండి.”

ఎంత నిగర్వి! నా కళ్ళు చెమర్చాయి. “ప్రాణం పోయినా తీసుకోం సార్. ఊరంతా మనసారా అన్న మాట.”

“రెండు బావులు!” అంటూ దొర గుర్రమెక్కేశాడు.

తాసీల్దారు గారు నా చెవి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళారు. “ఏమయ్యా, హంతకుణ్ణి అనే మాట దొరనంటావా? వాళ్ళకు మంచివాడంటేనే పొగడ్తయ్యా!”

తనంటే జనం హడలిపోవడం ఇష్టంలేని అధికారి ఉంటాడని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. వెళ్ళి పెద్దలతో అన్నాను. “మనం దొరను పొగడలేదు. తిట్టాం.”

శెట్టి నోరు తెరిచాడు. “తిడితేనే రెండు బావులిచ్చినాడా?”

“ఇచ్చాడు.”

శెట్టి మస్తాన్ సాయిబు వైపు తిరిగి తల కొట్టుకున్నాడు. “శానా తప్పు జరిగిపోయెనప్పా! ఆస్పత్రి అడిగేది మరిచిపోతిమి!”

ఆ రోజే దీపం ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు ఏ దొరనూ ఇంగ్లీషులో పొగడను. ఆస్పత్రికి మాత్రం మినహాయింపు ఉంచుకున్నాను.