చెనక్కాయ విత్తనాలూ, ఏడో ఎక్కమూ

నా చిన్నప్పుడు మా కుందుర్పి వైపు పిల్లలందరికీ ఎక్కాలు బాగా వచ్చేవి. ఆ ఘనత బడిది కాదు, చెనక్కాయలది.

మృగశిర వానలకు ముందు మా ఊరి పెద్దరైతు ఇంటి వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే పని ఉండేది. ముందటేడు పంట ఎండిపోయింది. మా నాయన బెంగుళూరుకు మట్టిపనికి పోయినాడు. ఇంట్లో పొయ్యి దానికి తోచినప్పుడు వెలిగేది. అందువల్ల బడి తెరిచినా నేనూ, మా చెల్లెలూ కాయలు ఒలవడానికే పోయేవాళ్ళం. కూలికి వచ్చే మా పక్కింటి అక్కే మాకు పని నేర్పింది. కాయ మూతి నొక్కి మెల్లగా విప్పాలి, పొట్టు ఊడిన గింజ మొలవదు అని చెప్పేది.

పెద్దరైతుకు ఒక దిగులుండేది. ఆకలితో ఉన్న పిల్లలు గింజలు తింటారేమోనని. ఆకలి గురించి మాత్రం ఆయనకు ఏ దిగులూ లేదు. అందుకని ఒక ఏర్పాటు చేశాడు. ఒలిచినంతసేపూ మేము గొంతెత్తి ఎక్కాలు చెప్పాలి. పలికే నోరు నమలలేదు కదా. ఆయన లోపల మంచం మీద పడుకుని చెవులతోనే కాపలా కాసేవాడు. గొంతు ఆగితే చాలు, "ఎవుర్రా అది, మింగుతాండేది?" అని కేక వేసేవాడు.

ఒకరోజు మా చెల్లెలు ఏడో ఎక్కం మధ్యలో ఆగిపోయింది. పొద్దున్నుంచీ దాని కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. పెద్దరైతు లేచి వచ్చి, దాని నోట్లో వేలు పెట్టి, సగం నమిలిన గింజను బయటికి తీశాడు. దాన్ని ఏం చేసుకున్నాడో తెలియదు. విత్తడానికైతే పనికిరాదు.

అంతలో జీపు వచ్చి ఆగింది. పిల్లలు బడికి ఎందుకు రావడం లేదో కనుక్కునే ఆఫీసరు దిగాడు. మా ఎక్కాలు విని ముచ్చటపడ్డాడు.

"పాపం పేదోళ్ళు సార్. నాకు చేతనైన కాడికి సదువు జెప్పిస్తాండా" అన్నాడు పెద్దరైతు.

ఆఫీసరు కుర్చీలో కూర్చుని, మా కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసుకుని నములుతూ పేదరికం గురించి మాట్లాడాడు. తల్లిదండ్రులకు బాధ్యత లేకపోవడమే దానికి మూలమని తేల్చి, ఇంకో గుప్పెడు తీసుకున్నాడు.

పక్కింటి అక్క చేతిలో పని ఆపకుండానే అంది. "సార్, మీరు గూడా ఎక్కం జెప్పాల."

"నేనా? ఎందుకమ్మా?"

"ఈడ గింజల కాడ కూసున్నోళ్ళు గమ్మునుండగూడదు సార్. ఉంటే తింటాండారని లెక్క. ఇప్పుడే ఈ పాప నోట్లో యేలు బెట్టి తీసినారు."

ఆఫీసరు దవడ ఆగిపోయింది. "దానికి తిక్క సార్" అని పెద్దరైతు నవ్వబోయాడు. అక్క గుప్పెడు గింజలు తీసి మా చెల్లెలి ఒళ్ళో పోసింది.

"తిను పాపా. సారు తింటే తప్పు గాకపాయ, నువ్వు తింటే ఎట్ల తప్పయితాది?"

జీపు వాకిట్లోనే ఉంది కాబట్టి పెద్దరైతు వేలు ఈసారి లేవలేదు. మా చెల్లెలు ఏ ఎక్కమూ చెప్పకుండా, తీరిగ్గా, ఒక్కొక్క గింజే నమిలి తినింది.

మరుసటి రోజు నుంచి అక్కను పనికి పిలవలేదు. మమ్మల్ని బడికి పిలవడానికీ ఎవరూ రాలేదు.

తర్వాత ఎలాగో కాలేజీ గడప తొక్కాను. పేదరికం మీద జరిగే సభలకూ పోయాను. జీడిపప్పు ప్లేటు ముందు కూర్చుని, బీదవాళ్ళకు క్రమశిక్షణ లేదని ఎవరో ఒక పెద్దమనిషి మొదలుపెడతాడు. నేను వాదించను. ఆయన నమలడం అయ్యేదాకా మర్యాదగా ఆగి, ఏడో ఎక్కం వచ్చునా సార్ అని అడుగుతాను.