మేస్త్రీ వ్యానులో ఉన్నాడు

గోడౌన్లలో పురుగుమందు కొట్టే లైసెన్సు మేస్త్రీ పేరున ఉండేది. పంపు భుజాన వేసుకునేది మాత్రం అతని భార్య. లైసెన్సు లేనివాళ్లు మందు కొట్టాలంటే ఉన్నవాడు అక్కడే నిలబడి చూసుకోవాలని చట్టం. పెళ్లయిన నాటి నుంచీ అతను చెబుతూనే ఉన్నాడు, ఆమె తనకు తోచినట్టు చేస్తూనే ఉంది. కాబట్టి అదేమంత చిక్కుగా అనిపించలేదు.

పక్షవాతంతో మేస్త్రీకి కుడి పక్కా, మాటా పడిపోయాయి. పని ఆగితే పొయ్యి వెలగదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఆమె అతన్ని ఆడపడుచు సాయంతో వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టింది.

"ఈ స్థితిలో అన్నయ్యని తిప్పుతావా వదినా?"

"గోడను చూస్తూ కూర్చునే బదులు నన్ను చూస్తూ కూర్చుంటారులే. ఇన్నాళ్లకి నా మాటకి ఎదురు చెప్పట్లేదు మీ అన్నయ్య."

ఆడపడుచు నవ్వలేదు.

ఎక్కడికెళ్లినా గోడౌను తలుపుకి ఎదురుగా వ్యాను ఆపేది. మందు కొలిచి, కొలత గ్లాసు అతని కళ్లముందు ఎత్తి చూపించేది. సరిగ్గా ఉంటే రెప్ప వేసేవాడు. ఒకసారి వేయలేదు. మళ్లీ కొలిస్తే నిజంగానే ఎక్కువైంది. ఆ పూట ఆమెకి కడుపు నిండిపోయింది.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో తనిఖీ అధికారి వచ్చాడు. నెమ్మదస్తుడు.

"లైసెన్సున్న మనిషి ఏరమ్మా?"

"వ్యానులో ఉన్నారండీ."

అధికారి కిటికీ దగ్గర వంగాడు. "లోపల మీ ఆవిడ కళ్లు తిరిగి పడిపోయిందనుకోండి. మీరేం చేస్తారు?"

మేస్త్రీ పెదాలు కదిలాయి. ఎడమ చేత్తో డోరు హ్యాండిల్ వెతికాడు. చెయ్యి జారింది. మళ్లీ పట్టుకోబోయాడు. అధికారి ఇక చాలన్నట్టు ఆ చేతిమీద తన చెయ్యి వేశాడు.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదమ్మా. మీకేమైనా అయితే పరుగెత్తే మనిషుండాలి కదా. మీరే లైసెన్సు పరీక్ష రాసెయ్యండి. అప్పటిదాకా పని ఆపాలి."

"అలాగేనండీ" అంది, మొగుడి ముఖం చూడలేక నేల చూస్తూ.

ఆ కొన్ని నెలలూ ఇల్లు ఎలా గడిచిందో ఆడపడుచుకే తెలుసు. మేస్త్రీ భార్య పరీక్ష మొదటిసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు వ్యాను తుడిచి, "పదండి, వెళ్దాం" అంది. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరండీ. తోడుగా రండి."

కళ్లు మూసుకున్నాడు. ఆమె ఒక్కతే వెళ్లింది.

ఇప్పుడు పగలంతా అతని దగ్గర ఆడపడుచు ఉంటోంది. సాయంత్రం భార్య వచ్చి, ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, అన్నం కలిపి పెడుతుంది. తింటాడు. ఆమె ముఖం వైపు మాత్రం చూడడు.