ఫోన్ మామయ్య చేతికి ఇచ్చాక

కోదాడలో మా అమ్మ కుట్టిన ఒక బొంతతో మొదలైంది ఈ వ్యాపారం. నా కూతురు పుట్టినప్పుడు అమ్మ తన పాత నూలు చీరలు పొరలుగా వేసి, అంచులు నాలుగు పక్కలా కనిపించేట్టు మడిచి బొంత కుట్టి ఇచ్చింది. దాని మీద పడుకున్న పిల్ల ఫొటోను స్టేటస్‌గా పెట్టుకున్నాను. పిల్లను గురించి అడిగినవాళ్ళకన్నా బొంతను గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు, "మా అమ్మ చీరలు పంపితే ఇట్లాంటిది కుట్టిస్తావా?" అని అడిగింది. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సరేనన్నాను. అంతకుముందు సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. కాన్పు తర్వాత మానేశాను. ఏదో ఒక పని చేతిలో ఉంటే బాగుండునని అనిపించే రోజులవి.

అమ్మ ఒక్కతే ఎన్ని కుడుతుంది? మిర్యాలగూడలో మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఉంటుంది. వాళ్ళ వీధిలో మధ్యాహ్నం వంటపనులు తీరాక గడపల్లో కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్ళు కొందరున్నారు. పిన్ని వాళ్ళను కూడగట్టింది. అట్లా పని మూడు ఊళ్ళలో సర్దుకుంది. నెట్‌లో నేను తెరిచిన పేజీ చూసి ఎక్కడెక్కడి నుంచో పంపే చీరలు సూర్యాపేటలో మా ఇంటికి వస్తాయి. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, ఏ చీర పైకి రావాలో, ఏది లోపలికి పోవాలో, కొంగు ఎక్కడ కనిపించాలో చూసి పొరలు పేర్చడం నా పని. పేర్చినవి మిర్యాలగూడ పంపితే పిన్నీవాళ్ళు కుడతారు. చివర చుట్టూ పట్టీ వేయడం కోదాడలో అమ్మ వంతు.

ఇందులో కష్టమైనది పేర్చడమే. ఒక మనిషి కట్టి విడిచిన చీరలు నేల మీద పరుచుకుని కూర్చుంటే మొదట అన్నీ పాతబట్టల్లాగే కనిపిస్తాయి. కాసేపు కదలకుండా చూస్తే అప్పుడు ఒక్కొక్కటీ విడిపడుతుంది. ఇది పెళ్ళిళ్ళకు కట్టింది, ఇది పొలానికి కట్టింది, దీన్ని ఇష్టంగా దాచుకుంది అని తెలుస్తుంది. ఆ కాసేపే నాకు దొరికేది కాదు. చీర చేతిలోకి తీసుకోగానే ఫోన్ మోగేది. ధర అడిగేవాళ్ళు, ఫొటోలు అడిగేవాళ్ళు, అడిగి మాయమయ్యేవాళ్ళు. జవాబు ఇద్దామని ఫోన్ తీస్తే బొంతలే అమ్మే ఇంకొకరి పేజీ కనబడేది. వాళ్ళ ఫొటోలు నావాటికన్నా బాగున్నట్టు అనిపించేది. కిందికి జరుపుతూ జరుపుతూ పోయి, అసలు ఫోన్ ఎందుకు తీశానో మరిచిపోయేదాన్ని. తలెత్తేసరికి చీరలు అట్లాగే ఉండేవి, పొయ్యి మీద పప్పు అడుగంటేది.

నేనేమీ ప్రయత్నం చేయలేదని కాదు. గోడకు టైంటేబుల్ అంటించాను. బళ్ళో అయితే గంట కొడితే పిల్లలు లేచేవాళ్ళు. ఇక్కడ గంట కొట్టేదీ నేనే, లేవనిదీ నేనే. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. వంటకు బియ్యం తీయబోయి దాన్నీ తీశాను. ఏకాగ్రత ఎట్లా పెంచుకోవాలో చెప్పే వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఆ వీడియోలు మాత్రం మనసు చెదరకుండా చూసేదాన్ని.

ఇట్లా ఉండగా హైదరాబాదులో ఒకామె తనకు అందిన బొంతను విప్పుతూ ఏడ్చిన వీడియో పెట్టింది. అది చాలామందికి చేరింది. నా ఫోన్‌కు ఇక ఊపిరి ఆడలేదు. పొద్దున లేచింది మొదలు జవాబులు ఇస్తూనే ఉన్నాను. స్నానానికి వెళ్ళినా కిటికీలో పెట్టుకున్నాను. వ్యాపారం పెరిగిందని ఇంటికి వచ్చినవాళ్ళతో గర్వంగా చెప్పుకున్నాను కూడా. ఆ వారమే మిర్యాలగూడ నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"ఏందే, గీడ ఆడోళ్ళు సూదులు పట్టుకొని ఊకె కూసున్నరు. పోయినసారి పంపినవి ఎప్పుడో అయిపోయినయ్. ఏమన్న పంపుతవా, వేరే పని సూసుకోమని చెప్పాల్నా?"

నేను పక్కకు చూశాను. విప్పని పార్సిళ్ళు గోడవారగా నడుము ఎత్తుకు ఉన్నాయి. పొద్దున్నుంచి క్షణం తీరిక లేదు, చేసిన పని మాత్రం ఏమీ లేదు. "రేపు పంపుతాను పిన్నీ" అన్నాను. రేపు పంపలేదు.

అప్పట్లో ఇంట్లో పగటిపూట నాతోపాటు ఉండేది మామయ్య ఒక్కరే. మా ఆయన ఉద్యోగానికి, అప్పటికి నాలుగేళ్ళు నిండిన పిల్ల బడికి వెళ్ళేవాళ్ళు. మామయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అత్తమ్మ పోయినప్పటినుంచి వరండాలో కుర్చీ వేసుకుని, పేపరు పూర్తిగా చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చేవారు. ఒకరోజు నేను రంగు పోయే చీరలను ఉప్పునీళ్ళలో తడుపుతుంటే ఫోన్ మోగింది. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి.

"మామయ్యా, కొంచెం ఎత్తండి. తర్వాత చేస్తానని చెప్పండి" అన్నాను.

ఆయన ఎత్తి, అలవాటు కొద్దీ, "ఆ, ఏడిదాకమ్మా?" అన్నారు. అవతలామె ఏమనుకుందో గానీ పెట్టేయలేదు. తర్వాత చేస్తుందని చెప్పడం ఆయన మరిచిపోయారు. నేను చీరలు పిండి ఆరేసే దాకా మాట్లాడుతూనే ఉన్నారు. తలుపు చాటు నుంచి విన్నాను.

"మా ఆమె చీరలు నేను ఇంక బీరువలనే పెట్టుకున్న. నాకైతే కొయ్యబుద్ధి గాలే. నీకు గూడ ఇప్పుడే కాకపోతే తొందరేం లేదమ్మా. చీరలు యాడికి పోతయ్?"

ఫోన్ పెట్టేశాక అడిగాను. "మామయ్యా, వచ్చే ఆర్డరును వద్దని చెప్పారా?"

"వద్దనలే బిడ్డా. ఆమెకు రేటు అక్కర్లేదు. చీర పంపితే కోస్తరేమో అని భయం. ఊరికెనే ఫోన్ చేసి ఊరికెనే పెట్టేస్తుందట. ఆలోచించుకొమ్మన్న."

ఆమె నాకు చాలాసార్లు మెసేజ్ పెట్టిన మనిషే. ప్రతిసారీ ధరల పట్టిక పంపి ఊరుకున్నాను. ఆలోచించుకుని కొన్నాళ్ళకు చీరలు పంపింది, కొయ్యకుండా మడతలతోనే కుట్టమని కోరుతూ.

మరునాటి నుంచి పొద్దున టీ తాగాక ఫోన్ మామయ్యకు ఇచ్చేదాన్ని. భోజనాల వేళకు తిరిగి తీసుకునేదాన్ని. చెప్పుకుంటే సిగ్గు గానీ, మొదట్లో ఆ పూట గడవడం ఎంత కష్టమైందో. చీర మీద ఉన్న చెయ్యి తనంతట తానే పక్కకు వెళ్ళి ఫోన్ కోసం తడుముకునేది. మంచినీళ్ళు ఇచ్చే నెపంతో వరండాలోకి వెళ్ళేదాన్ని. ఆయన గ్లాసు అందుకుని, "అర్జెంటు ఏం రాలే. నువ్వు పో" అనేవారు. నాకు కొంచెం నిరాశగానే ఉండేది. నేను లేకపోతే ఆగిపోయేది ఏదో ఉంటుందని అనుకున్నాను. ఏదీ ఆగలేదు. మెల్లగా పార్సిళ్ళ గుట్ట తగ్గింది. ఒక చీర ముందు కూర్చుంటే దాన్ని ముగించి లేవడం మళ్ళీ అలవాటైంది.

చిక్కు వేరే వైపు నుంచి వచ్చింది. ఒకరోజు భోజనం దగ్గర మామయ్య చెప్పారు. "నేరేడుచర్ల పిల్లగాడు ఒకడు చేసిండు. తల్లి పోయిందట. చెల్లెకు ఈ నెలలనే కాన్పు. తల్లి చీరలతోని బొంత గావాలట, పురుడు నాటికి. అయితది పంపుమన్న."

"అయితదని ఎట్లా చెప్పారు? ముందు ఎంతమంది ఉన్నారో తెలుసా మీకు?"

"వాళ్ళకు తొందర లేదు గదా. ఈ పిల్లగానికి ఉన్నది."

"అందరికీ మీరు మాట ఇచ్చుకుంటూ పోతే కుట్టేది ఎవరు మామయ్యా? సీట్లు నిండినా బస్సులో జనాన్ని ఎక్కించుకున్నట్టు ఎక్కించుకోవడానికి కుదురుతుందా?"

గొంతు పెరిగిందని నాకే తెలిసింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ నా పక్కన పెట్టి వరండాలోకి వెళ్ళిపోయారు. మరునాడు పొద్దున ఫోన్ ఇవ్వబోతే, "నాకెందుకు బిడ్డా" అని పేపరు తీసుకున్నారు. ఫోన్ మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. దాంతోపాటు పాత రోజులూ వచ్చాయి. ఒక్క బొంతా పేర్చలేకపోయాను. ఆయన మాట్లాడకపోవడం కూడా ఒక చప్పుడులాగే పనిలోకి అడ్డం వచ్చేది.

ఆ పిల్లవాడి చీరలు వచ్చాయి. విప్పితే అన్నీ ముతక నూలు చీరలు, మోకాళ్ళ దగ్గర బాగా అరిగినవి. నాటు వేయడానికి వంగిన మనిషి చీరలు. ఒక్కటి మాత్రం పసుపు రంగుది, దాదాపు కొత్తది. ఫోన్ ఆపేసి కూర్చున్నాను. అరిగిన చోట్లు లోపలికి పెట్టి, పసుపు చీరను బిడ్డకు తగిలే వైపు వేశాను. లేచి చూస్తే గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నారు.

"దీన్ని నేనే తీసుకుపోతాను మిర్యాలగూడకు. దగ్గర కూర్చుని కుట్టిస్తాను. మీరూ రండి" అన్నాను.

ఆయన చొక్కా మార్చుకుని వచ్చారు.

ఆడవాళ్ళకు ఉచితం కనక బస్సులో నాకు డబ్బుల్లేని టికెట్, ఆయనకు డబ్బులిచ్చి కొన్న టికెట్. కండక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆమె మిషన్ నొక్కే తీరును ఆయన చాలాసేపు చూశారు. ఊరు దాటాక నేనే అన్నాను. "మొన్న గట్టిగా మాట్లాడాను మామయ్యా."

"మాట్లాడినవ్. నేను గూడ అడగకుండ మాటిచ్చిన. మా డ్యూటీల గూడ తొందర ఉన్నోళ్ళే ఎక్కువ యాదికుంటరు. తక్కినోళ్ళు గూడ టికెట్ కొన్నోళ్ళే గదా" అన్నారు.

అప్పుడు ఒక ఒప్పందానికి వచ్చాం. ఫోన్ ఆయనే చూస్తారు. ఎప్పటికి అవుతుందన్నది మాత్రం నన్ను అడగకుండా చెప్పరు. చీరలతో ఉన్నప్పుడు నేను వరండాలోకి రాను.

పిన్ని వాళ్ళింట్లో ఆ బొంతకు నలుగురు ఆడవాళ్ళు నాలుగు పక్కల నుంచి కూర్చున్నారు. ఒకామె పక్కన ఫోన్ పెట్టుకుని సీరియల్ వింటోంది. చూడడం లేదు, వింటోంది. సూది మాత్రం తప్పడం లేదు. ఇంకొకామె కోడలి మీద చాడీలు చెబుతూనే వరస పూర్తి చేసింది. ఏకాగ్రత అంటే తలుపు మూసుకుని, పెదవి బిగించుకుని చేసేది అనుకునేదాన్ని. వాళ్ళను చూస్తుంటే నవ్వొచ్చింది, కొంచెం ధైర్యమూ వచ్చింది. చీరలు పేర్చేటప్పుడు ఇంట్లో కుక్కరు కూత వినబడితే చిరాకుపడడం ఆ తర్వాత మానేశాను.

రాత్రికి పిన్ని దగ్గరే ఉండిపోయాం. మరునాడు పట్టీ కూడా అక్కడే వేయించాను. ఆ సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ, "నా పని కూడా మీరే చేసేశారన్నమాట. కుట్టు ఎట్లా వచ్చిందో ఫొటో పెట్టవే, చూస్తాను" అంది. చూసి, మూల దగ్గర వంకర పోయిందని చెప్పింది. నిజమే.

పొద్దుగూకక ముందే నేరేడుచర్లలో బస్సు దిగాం. ముందే చెప్పి ఉంచడంతో ఆ పిల్లవాడు షేర్ ఆటోలు ఆగే చోట ఎదురుచూస్తున్నాడు. మిల్లులో పని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టు నిండా తవుడు. సంచి అందుకున్నాడు గానీ విప్పలేదు. నా వైపు కాదు, మామయ్య వైపు చూశాడు.

"ఫోన్ల మాట్లాడింది మీరేనా పెద్దాయనా?"

"నేనే. చెల్లె ఎట్లున్నది?"

"పొద్దుగాల ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు మంచిగనే ఉన్నరు."

"ఇగ పో. దవాఖానల సల్లగుంటది. కప్పుండ్రి" అన్నారు మామయ్య. ఆ పిల్లవాడు ఆయన చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, ఆటో ఎక్కాడు. అంతకంటే ఏమీ జరగలేదు.

కొంతకాలం తర్వాత మామయ్యకు కంట్లో శుక్లం తీశారు. కొన్నాళ్ళపాటు ఫోన్ జోలికి పోవద్దన్నారు. నాకు భయమేసింది. తప్పనిసరై పేజీ మీద ఒక మాట రాసి పెట్టాను: పొద్దున చీరలతో ఉంటాను, మధ్యాహ్నం భోజనమయ్యాక నేనే ఫోన్ చేస్తాను. ఎవరూ ఆగరనుకున్నాను. కొందరు నిజంగానే ఆగలేదు. త్వరగా ఇచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఆగారు. చీరలు ఏళ్ళ తరబడి బీరువాలో దాచుకున్నవాళ్ళకు ఒక పూట లెక్క కాదని అప్పుడు అర్థమైంది.

ఇప్పటికీ కొన్ని రోజులు చెడిపోతాయి. ఎవరి పేజీలోనో పడి ఒక పూట పోగొట్టుకుంటాను. పోయినందుకు ఏడుస్తూ ఇంకో పూట పోగొట్టుకోకుండా ఉండడం మాత్రం కొంచెం నేర్చుకున్నాను. వ్యాపారం ఆ వీడియో నాటంత పెద్దగా లేదు. మిర్యాలగూడలో మాత్రం సూదులు ఖాళీగా ఉండడం లేదు.

కన్ను బాగయ్యాక ఫోన్ మళ్ళీ తీసుకోమని అడిగితే మామయ్య, "పొద్దున వద్దు. పొద్దున ఎవ్వలు సరిగ మాట్లాడరు, అందరికి పనులుంటయ్. మధ్యాహ్నం ఇయ్యి" అన్నారు. ఇప్పుడు భోజనమయ్యాక ఆయన వరండాలో కూర్చుని ఒక్కొక్కరికీ తిరిగి ఫోన్ చేస్తారు. లోపల నేను ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాను. ఎవరి తల్లి ఏ ఊరామెనో, ఏ చీర ఏ పండక్కి కొన్నదో ఆయన గట్టిగా అడగడం, అటువైపు వాళ్ళు చెప్పేది విని "ఆహా" అనడం వినబడుతూ ఉంటుంది.