వసారాలో మూడో బొమ్మ

ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరిలో ఆర్విల్ స్టాఫర్‌ను ఎరుగనివారు లేరు. కాగితపు మిల్లులో ఒళ్ళు వంచి పనిచేసి విరమణ పొందిన ఆ వృద్ధుడు ఏ వస్తువునూ పారవేసి ఎరుగడు. పిల్లలు దయ్యాల వేషాలు కట్టి ఇంటింటా మిఠాయిలడిగే హాలోవీన్ పండుగ సమీపిస్తే ఆయన వసారా ముస్తాబుకు అంగడి సరుకు ఒక్కటీ చేరదు. చిరిగిన దుప్పట్లు చిక్కని గంజిలో మునిగి, కర్రలపై ఆరి, బిర్రబిగుసుకున్న దయ్యాలై నిలబడేవి. గుడ్ల అట్టలు గబ్బిలాలయ్యేవి. మిల్లునాటి పనిదుస్తులలో ఎండుటాకులు కూరి, తలకు బదులు పాల డబ్బాలు తగిలించి, రెండు దిష్టిబొమ్మలను ఆయన కుర్చీలలో కూర్చోబెట్టేవాడు.

మూడో కుర్చీలో తానే కూర్చునేవాడు. ముఖానికి పిండి, కళ్ళచుట్టూ మసి, ఒడిలో మిఠాయిల గిన్నె. ఊపిరి ఆడుతున్నదో లేదో తెలిసేది కాదు. బొమ్మేననుకున్న పిల్లలు రెండో మిఠాయికి చేయి చాచగానే "ఒక్కటే!" అని గర్జించేవాడు. వారు కెవ్వున మెట్లు దూకేవారు. కింద నిలబడిన తండ్రులు కడుపుబ్బ నవ్వేవారు. చిన్ననాడు వారూ ఆ అరుపుకే దడుచుకున్నవారు.

ఎదురింటి గ్లెండా మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు.

"ఏమయ్యా ఆర్విల్, చెత్తబండివాడు నీ గుమ్మం ముందు తల గోక్కుంటున్నాడు. ఏది పండగో, ఏది చెత్తో తెలియడం లేదట!"

"నువ్వు కొన్న గాలిబుడగ దయ్యం సంగతి చూసుకో తల్లీ. నిన్నటి గాలికి నా పెరట్లో వచ్చి పడింది. పాపం, ఇంత సూప్ పోసి పంపించాను."

ఆ ఏడు పండుగనాడు పొద్దు వాలగానే ఆయన వసారా దీపం వెలిగించి తన స్థానంలో కూర్చున్నాడు. పిల్లల సందడి వీధి మలుపులో వినబడుతుండగా ఎడమచేయి హఠాత్తుగా తనది కాకుండా పోయింది. లేవబోయాడు. కాలు కదలలేదు. గ్లెండాను పిలవబోయాడు. నాలుక తడిసిన గోనెసంచిలా నోట్లో పడి ఉంది.

పిల్లలు మెట్లెక్కారు.

"అమ్మో, మూతి చూడరా, ఎలా వంకర పెట్టాడో!"

"చొంగ కూడా కారుస్తున్నాడే!"

ఒక తండ్రి దగ్గరగా వచ్చి ఫోటో తీసుకున్నాడు. "తాతా, నీకు నువ్వే సాటి!" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆర్విల్‌కు అర్థమైంది. తాను చచ్చిపోతున్నాడు. ఊరు ఊరంతా వచ్చి మెచ్చుకుని పోతున్నది. ఇన్నేళ్ళుగా కదలకుండా ఉండడమే నేర్చుకున్నాడు. కదలలేకపోతున్నానని ఇప్పుడు ఎవరికి తెలుస్తుంది?

ఒక పిల్ల రెండు తీసుకుంది. గర్జన రాలేదు. ఇంకొకడు గుప్పిట నింపుకున్నాడు. చూస్తుండగానే గిన్నె అడుగు కనబడింది.

ఆ గుంపే వీధి దాటి గ్లెండా ఇంటికి వెళ్ళింది.

"ఏంటర్రా, సంచులు అప్పుడే నిండిపోయాయి? ఎవరిచ్చారు?"

"స్టాఫర్ తాత! ఎన్ని తీసుకున్నా అరవలేదు!"

"అరవలేదా?"

గ్లెండా నవ్వు ముఖం మీదనే ఆగిపోవడం ఆయన చూశాడు. ఆమె చేతిలోని పళ్ళెం జారింది. చెప్పు ఊడినా ఆగక పరుగున వచ్చి, గిన్నెలో మిగిలిన రెండు మిఠాయిలనూ లాక్కుంది.

"ఇదిగో, రెండు తీశాను. తిట్టు. ఆర్విల్, నన్ను తిట్టవయ్యా!"

ఆయన కంటినుండి నీరు మాత్రం కారింది. గ్లెండా వేసిన కేకకు వీధి చప్పట్లు కొట్టింది. అదీ ఆటలో భాగమేననుకున్నారు. ఆమె పిలిపించిన అంబులెన్సు వచ్చినప్పుడూ కొట్టారు. అందులోంచి దిగిన యువకుడు ఆత్రంగా పక్క బొమ్మ భుజం పట్టి లాగగా ఎండుటాకులు జలజల రాలాయి.

"అది కాదు బాబూ, ఈయన! ఊపిరున్నది ఈయనకి!" అని గ్లెండా అరిచింది.

చప్పట్లు ఒక్కసారిగా చచ్చాయి. ఫోటో తీసిన తండ్రి ఫోను వెనుక దాచుకున్నాడు.

స్ట్రెచర్ మెట్లు దిగుతుండగా ఆర్విల్ చూపు గ్లెండా గుప్పిటపై నిలిచింది. పెదవి వణికింది.

"ఒ... ఒక్క..."

ఆమె గుప్పిట విప్పి చూసుకుంది. ఒక మిఠాయిని తిరిగి గిన్నెలో వేసి, అక్కడే మెట్టుపై కూలబడింది.