ఎడమవైపు ముక్క

పేకాటలో ఓడేవాళ్ళు రెండే రకాలని నేను చాలాకాలం గొప్పలు పోయాను. ముక్కలు రాక ఓడేవాళ్ళు, ఆట రాక ఓడేవాళ్ళు. ఈ రెండో రకం వాళ్ళెప్పుడూ తమది మొదటి రకమనే చెప్పుకుంటారు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి వాళ్ళని విడదీయడం నాకు చిటికెలో పని అనుకునేదాన్ని. పిల్లలు లెక్క తప్పితే నేను ముందు జవాబు చూడను, పద్ధతి చూస్తాను. పద్ధతి సరిగా ఉండి జవాబు తప్పితే సగం మార్కులేసి వదిలేస్తాను. పద్ధతే తప్పితే పక్కన నిలబెట్టి మళ్ళీ చేయిస్తాను. పేకాటకీ అదే కొలత అని నమ్మాను.

హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో మా బడి టెల్కో కాలనీలో ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు స్కూటీ వేసుకుని బారిడీహ్‌లో మా మావయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. అప్పట్లో ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. రోడ్డు మీద కనిపించే క్రేన్ కాదు, షెడ్డు కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టాల మీద తిరిగేది. ఆ ఎత్తున చిన్న కేబిన్‌లో కూర్చుని, కింద మనుషులు తిరుగుతుంటే వాళ్ళ తలల మీదుగా ఇనుప దిమ్మెల్ని మోసుకెళ్ళడం ఆయన పని. ఆయన చెయ్యి పడితే బరువు కూడా పసిపిల్లలా నిద్రపోతుందని ఆ షెడ్డులో చెప్పుకునేవారట. ఈ మాట మా అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది, విన్నవాళ్ళకి మళ్ళీ చెప్పేది.

పోకర్ ఆ ఇంటికి లాక్‌డౌన్లో వచ్చింది. మావయ్య కొడుకు ఫోనులో నేర్చుకుని అందరికీ అంటించాడు. తలకి రెండు ముక్కలు పంచుతారు, అవి ఎవరికీ చూపించకూడదు. బల్ల మీద అయిదు ముక్కలు అందరికీ కనిపించేలా తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. చేతిలోవీ బల్ల మీదవీ కలుపుకుని ఎవరి జట్టు పెద్దదైతే వాళ్ళది ఆట. మధ్యమధ్యలో పందెం కాయాలి. ఇంట్లో డబ్బు పెట్టి ఆడితే పొయ్యి వెలిగించనని అత్తయ్య ఖచ్చితంగా చెప్పడంతో మేం చింతపిక్కలు కాసేవాళ్ళం.

నాలుగో మనిషి మావయ్య స్నేహితుడు. ఆయనదీ మావయ్యదీ శ్రీకాకుళం జిల్లాలో పక్కపక్క ఊళ్ళు. ఒకే క్రేన్ మీద ఒకరి షిఫ్టు దిగితే ఇంకొకరు ఎక్కేవారు. ఆయన ఎప్పుడూ మావయ్యకి ఎడమ పక్కన కూర్చునేవాడు. వయసులో అందరికంటే పెద్ద కాబట్టి బల్ల మీద మొదటి ముక్క ఆయన వైపు పెట్టడం మా అలవాటు. దాన్ని ఆయన వేలితో ఒకసారి తట్టేవాడు, అప్పుడే మిగతావి తెరిచేవాళ్ళం.

ఆయన చలికాలంలో గుండె ఆగి పోయాడు. భుయ్యాడీహ్ దగ్గర సువర్ణరేఖ ఒడ్డున దహనం చేశారు. దినం రోజున మావయ్య తలపోటని పడుకుని, మర్నాటికి గాని లేవలేదు. దుఃఖం కదా అనుకున్నాం. ఆ తర్వాత ఆట మళ్ళీ మొదలైనప్పుడు ఆ కుర్చీ తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. మొదటి ముక్క అటువైపే పెడుతూ వచ్చాం. అత్తయ్య ఆ కుర్చీ ముందు కూడా ఒక గ్లాసు టీ పెట్టేది, చల్లారాక తీసుకెళ్ళి మొక్కకి పోసేది.

అప్పట్నుంచీ మావయ్య ఓడిపోవడం మొదలైంది. మామూలుగా కాదు, చేతిలో మంచి ముక్కలుండి, ధైర్యంగా కాసి, చివర్లో చిత్తుగా ఓడేవాడు. పొడుగాటి ప్లాస్టిక్ డబ్బాలో ఆయన పిక్కలు ఎప్పుడూ అడుగునే ఉండేవి. అదృష్టవంతుణ్ణి చెరిపేవాళ్ళు లేరు, దురదృష్టవంతుణ్ణి బాగుచేసేవాళ్ళు లేరని అత్తయ్య నిట్టూర్చేది.

ఇంట్లో ఇంకా కొన్ని జరిగేవి. మావయ్య అన్నంలో కుడివైపు సగం తిని కంచం తోసేసేవాడు. ఇదేంటంటే అంతా తిన్నానుగా అనేవాడు. కొన్ని రోజులు ఎడమ చెంప మీద గెడ్డం అలాగే ఉండేది, గీశానని ఒట్టేసేవాడు. ఒకసారి ఆట మధ్యలో ఆ ఖాళీ కుర్చీ దానంతటదే బల్లకి దూరంగా జరిగింది. మేం ముగ్గురం చూశాం. అత్తయ్యకి మాత్రం అంతా అర్థమైపోయింది. స్నేహితుడు ఇంకా వెళ్ళలేదు. కంచంలో సగం ఆయన భాగం. కాకికి పిండం పెట్టినరోజు కాకి ఆలస్యంగా వచ్చిందని, అది అప్పుడే తను గమనించానని చెప్పింది. నేను నవ్వాను. కానీ సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆ కుర్చీ పక్కనుంచి కాకుండా చుట్టూ తిరిగి గుమ్మం దాటేదాన్ని.

ఈ లోపు ఫ్యాక్టరీలో మావయ్య మోస్తున్న బరువు ఒక స్తంభాన్ని రాసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కొన్నాళ్ళు కింద డ్యూటీ చెయ్యమని దింపారు. మంచి పేరున్న మనిషి కాబట్టి, నీకు ధైర్యమనిపించినప్పుడే మళ్ళీ ఎక్కు అని వదిలేశారు. అదే ఆయన్ని తినేసింది. ఒక ఆదివారం కొడుకు బయటికెళ్ళినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా సెయ్యి పోయిందో, నా టైము బాగోనేదో నువ్వే సెప్పాల," అన్నాడు. "పేకలో తెలిసిపోద్ది. ఆట మరిసిపోయి ఓడిపోతన్నానంటే సెయ్యి పోయినట్టే. ఇంక నాను కేబిన్ ఎక్కను. కింద మన పిల్లల్లాంటోలు తిరుగుతారు."

ఫ్యాక్టరీ పనికీ చింతపిక్కల ఆటకీ సంబంధమేమిటని అడగాల్సింది. అడగలేదు. నా కొలతబద్ద మీద ఒక మనిషి తన బతుకు పెట్టడం నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది. ఆ తర్వాత వారాల తరబడి ఆయన ఓడిన ప్రతి ఆటా విప్పి చూశాను. ఏ ముక్కలతో కాశాడు, ఏవి పారేశాడు, ఎక్కడ ఆగాడు. పనికిరాని ముక్కల్ని వెంటనే పడేస్తున్నాడు. పెద్ద ముక్కలొస్తే తొందరపడకుండా ఎదటివాణ్ణి లోపలికి లాగుతున్నాడు. నాకంటే బాగా ఆడుతున్నాడు. నేను ఆయన చేతిలోని ముక్కల్నే చూశాను. పద్ధతి సరైనది, జవాబు తప్పింది, అంతే.

"నీ ఆటకేటీ అవ్వలేదు మావయ్యా," అని తీర్పు చెప్పాను. "ముక్కలే నీకు పగబట్టాయి."

ఆయన ముఖం చూసి తీరాలి. ఆ వారమే పైఆఫీసర్ల దగ్గరికి వెళ్ళి, సోమవారం పొద్దుటి షిఫ్టుకి కేబిన్ ఎక్కుతానని చెప్పి వచ్చాడు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం మళ్ళీ ఆటకి కూర్చున్నాం. వాన పట్టి మధ్యాహ్నమే మసక కమ్మింది. ఫ్యాను గాలికి ముక్కలు ఎగరకుండా మీద పిక్కలు పెడుతున్నాం. నేను మావయ్య కుడి పక్కన, కొడుకు ఎదురుగా, ఎడమ పక్కన ఆ కుర్చీ. కొడుకు పంచి, అలవాటు ప్రకారం మొదటి ముక్క కుర్చీ వైపు పెట్టాడు. ఇస్పేటు తొమ్మిది. తర్వాత ఇస్పేటు నాలుగు, డైమన్ రాజు. ఆ తర్వాత ఇస్పేటు రెండు, ఆఖరున కళావరు ఏడు.

నేను ముందే తప్పుకున్నాను. మావయ్య డబ్బాలో ఉన్న పిక్కలన్నీ బల్ల మీద బోర్లించాడు. ఆయన చేతిలో రెండు రాజులు, బల్ల మీదిది కలిపితే మూడు. కొడుకు తన రెండు ముక్కలూ తిప్పాడు. రెండూ ఇస్పేటే. బల్ల మీది మూడు ఇస్పేట్లతో అయిదయ్యాయి. ఒకే గుర్తువి అయిదు వస్తే మూడు రాజుల్ని కొట్టేస్తాయి.

"మూడోది ఏదిరా? రెండే ఇస్పేట్లున్నాయి," అన్నాడు మావయ్య.

కొడుకు తొమ్మిదిని వేలితో చూపించాడు. మావయ్య మెల్లగా తల తిప్పి అటు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఇందాకల నేదు."

"షురూ సే వహీఁ థా, పాపా," అన్నాడు కొడుకు. మొదట్నుంచీ అక్కడే ఉంది.

మావయ్యకి కోపం రాలేదు. ఖాళీ కుర్చీ వైపు చూసి నవ్వాడు. "ఆడేరా. ముక్క దాసి, అయిపోయాక పెడతన్నాడు. రోజూ ఇదే పని ఆడికి." ఆ నవ్వులో ఎంత ప్రేమ ఉందో, నాకు అంత భయమేసింది. ఎందుకంటే అప్పుడే నాకు వెనకటి ఆటలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆయన్ని ముంచిన ముక్క ఆఖరున వచ్చింది కాదు. ప్రతిసారీ అది మొదటి ముక్క. అందరి ముందూ తెరిచి ఉన్న ముక్క. దురదృష్టమైతే ఆఖరున రావాలి. ఆట రాకపోతే చూసి కూడా లెక్కపెట్టకపోవాలి. ఇది రెండూ కాదు.

తొమ్మిదిని తీసి చదును చేసి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆయన్ని తిన్నగా నావైపు చూడమని, తర్వాత బల్ల మీద ఎన్ని ముక్కలున్నాయో చెప్పమన్నాను. అయిదు, పోకర్‌లో అంతకంటే ఎన్నుంటాయని విసుక్కున్నాడు. పేర్లు చెప్పమన్నాను. కుడి నుంచి మొదలుపెట్టాడు. ఏడు, రెండు, రాజు, నాలుగు. ఆగిపోయాడు.

"మళ్ళీ తీసేసినాడు," అన్నాడు.

ఇంకో మాట అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది. అయినా అడిగాను.

"అత్తయ్య ఎక్కడుంది మావయ్యా?"

"వంటింట్లో ఉన్నాది. ఏటి, టీ కావాలా?"

అత్తయ్య వంటింట్లో లేదు. ఆ కుర్చీ వెనక, ఆయన ఎడమ భుజానికి జానెడు దూరంలో, టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. వచ్చి చాలాసేపయింది.

"నానిక్కడే ఉన్నాను," అంది.

మావయ్య ఉలిక్కిపడి తల పూర్తిగా తిప్పాడు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని గోడలోంచి వచ్చినదాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత బల్ల వైపు, తర్వాత మళ్ళీ ఆమె వైపు. ఆయన మెదడులో ఆ క్షణం ఏం నడుస్తోందో నాకు ఆయన మాటతోనే తెలిసింది.

"కింద మడిసి నిలబడినా నాకు ఇలాగే ఔద్దా?"

ఆయనే ఫ్యాక్టరీకి ఫోను చేసి, రేపు ఎక్కలేనని, ఇంక ఎప్పుడూ ఎక్కలేనేమోనని చెప్పేశాడు. గొంతు తడబడలేదు. ఫోను పెట్టాక మాత్రం రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. చేతులకి ఏమీ కాలేదు, అవి ఎప్పట్లాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సోమవారం కేబిన్‌కి బదులు ఆస్పత్రికి వెళ్ళాం. స్కానింగ్ తీశారు. మెదడుకి కుడివైపు ఒక చిన్న రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందని, దానివల్ల ఎడమవైపు లోకం ఆయనకి అందడం లేదని డాక్టరు చెప్పాడు. చీకటిగా కూడా కనిపించదట. అసలక్కడ ఒక వైపు ఉందన్న సంగతే మనసు మర్చిపోతుందట. ఎప్పుడు జరిగి ఉంటుందంటే, దినం రోజు తలపోటు గుర్తుకొచ్చింది. కుర్చీ ఎలా జరిగిందో కూడా అప్పుడే తెలిసింది. అది ఆయన ఎడమ మోకాలు, తోసినట్టు ఆయనకే తెలీదు. అన్నీ ఒక్కొక్కటిగా తేలిపోతుంటే నాకు ఊపిరి తిరిగింది, లెక్క కుదిరినప్పుడు తిరిగినట్టు. మావయ్య ముఖం చూసేదాకా అంతే.

"ఐతే ఆడు నేడన్నమాట," అన్నాడు.

డాక్టరుకి తెలుగు రాదు. నన్నడిగాడు, ఏమంటున్నారని. నేను ఏమీ లేదన్నాను. అత్తయ్య ఆ రోజు కుర్చీ ముందు టీ పెట్టలేదు. మావయ్య అది చూడలేదో, చూశాడో నాకు తెలీదు. ఆ అడ్డు మెదడుకి ఎడమవైపు పడి, ఆయనకి కుడివైపు లోకం పోయి ఉంటే, ఆ స్నేహితుడు ఇన్నాళ్ళు మా ఇంట్లో ఉండేవాడే కాదు. సరిగ్గా ఆయన కూర్చునే వైపే ఎందుకు పోయిందన్న దానికి నా దగ్గర పద్ధతి లేదు.

ఇప్పుడు మావయ్య స్టోర్సులో సామాను ఇచ్చే పనిలో ఉన్నాడు. ప్రతి పనికీ ముందు తల ఎడమకి పూర్తిగా తిప్పి చూడడం ఆస్పత్రిలో నేర్పించారు. పేకాటలోనూ అంతే. ముక్కలు తెరవగానే తల తిప్పి, ముందు కుర్చీని చూస్తాడు, తర్వాత మొదటి ముక్కని, అప్పుడు కాస్తాడు. ఈమధ్య మమ్మల్ని బాగా గెలుస్తున్నాడు. గెలిచిన రోజు నేనే ముక్కలు రాలేదని సణుగుతాను, ఆయన మద్దెల సామెత నాకే తిరిగి చెబుతాడు. కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వడు.

పోయిన ఆదివారం వాళ్ళింట్లోనే భోంచేశాను. కుడివైపు అన్నం అయిపోయాక ఆయన కంచాన్ని గిర్రున తిప్పి, మిగిలిన సగం కుడివైపుకి తెచ్చుకున్నాడు. అది కూడా ఆస్పత్రిలో నేర్పిందే. మెతుకు వదలకుండా తిన్నాడు. చివర్లో కూర కలిపి ఒక ముద్ద చేసి, తల తిప్పి చూసి, కంచానికి ఎడమ అంచున పెట్టి లేచాడు.